నువ్వు అన్న ఆ ‘అయ్యో’ గురించి

అమ్ములూ,

మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను, మీ అమ్మ పడుకున్నాక అరుగు మీదకెళ్లి ఇంకోసారి విన్నాను. ఫోన్లో మాట్లాడితే సగం మర్చిపోతాను, పైగా మీ అమ్మ మధ్యలో అన్నం తిన్నావా అని లాక్కుంటుంది, అందుకే తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, అక్షరాలు తప్పు పడితే సర్దుకుని చదువుకో.

నాలుగు నెలలు జీతంలో మిగుల్చుకుని నాటకం టికెట్ కొనుక్కున్నావు, న్యూజెర్సీలో రైలెక్కి న్యూయార్క్ వెళ్లావు, సీట్లో కూర్చుని వాళ్లిచ్చిన పుస్తకం తెరిస్తే అందులోంచి ఒక చిన్న చీటీ ఒళ్లో పడింది, ఈరోజు హీరోయిన్ వేషం ఫలానా ఆవిడ వెయ్యట్లేదు, ఆవిడ బదులు ఇంకొకావిడ వేస్తారు అని. అదే మాట మైకులో చెప్పగానే హాలు హాలంతా అయ్యో అంది, నేనూ అన్నాను నాన్నా, తర్వాత ఆవిడ పాడుతున్నంతసేపూ నాకు సిగ్గేసింది, తెర వెనకాల ఆవిడకి అది వినపడి ఉంటుందా అని అడిగావు కదా.

వినపడే ఉంటుంది తల్లీ. నిన్ను బాధపెట్టాలని కాదు, అడిగావు కాబట్టి చెప్తున్నా. తెర వెనకాల ఉన్నవాడికి జనం మాట జనంలో ఉన్నవాడికంటే బాగా వినపడుద్ది. నేను ముప్పయ్యొక్క ఏళ్లు నాటకాలకి హార్మణీ వాయించాను, స్టేజీకి ఓ పక్కన ముందుగా కూర్చుని కాలితో పెడల్ తొక్కుతూ ఒక కన్ను నటుడి మీద ఒక కన్ను జనం మీద పెట్టుకుని బతికినవాణ్ణి, ఎవరెక్కడ లేచి వెళ్లిపోయారో ఎవరు తల తిప్పుకున్నారో నాకు ముందు తెలిసేది. అందుకే ఈ సంగతి నీతో కాస్త వివరంగా మాట్లాడాలనిపించింది.

ముందు ఒకటి చెప్తాను, మనవాళ్లకి మనిషి మారడం కొత్తేమీ కాదు. రాయబారం నాటకంలో ఒకే రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు, ఒక సీనుకి ఒకరు, మొదటి కృష్ణుడు పొట్టిగా రెండో కృష్ణుడు పొడుగ్గా ఉన్నా గొంతు వేరైనా ముక్కు వేరైనా ఎవ్వరూ కిక్కురుమనరు. మొదటి కృష్ణుడి రాగం బాగుందా రెండో కృష్ణుడి పద్యం బాగుందా అని తెల్లారాక కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర వాదించుకుంటారు తప్ప ఇదేంటి కృష్ణుడు మారిపోయాడు అని అడిగినవాణ్ణి నేను చూళ్లేదు. ఎందుకంటే ఆ మాట కరపత్రంలో ముందే ఉంటుంది, రిక్షాలో మైకు పెట్టి వారం ముందు నుంచే చెప్పేస్తారు. అంటే జనానికి వేరే మనిషి వచ్చాడని కోపం కాదు, వస్తానన్న మనిషి రాలేదని. ఈ రెండూ ఒకటి కాదు అమ్ములూ, కానీ ఎదురుగా ఉన్నది వచ్చినవాడే కాబట్టి దెబ్బ వాడికే తగులుద్ది.

ఆ కోపంలో న్యాయం కూడా ఉంది, కాదనను. మా రోజుల్లో కొందరు కాంట్రాక్టర్లు గోడలమీద పేద్ద అక్షరాలతో పేర్లు రాయించేసేవాళ్లు, ఆ నటుడికి అసలు కబురే పెట్టి ఉండరు, తీరా రాత్రి పదింటికి ఒంట్లో బాగోలేదండి అని మైకులో ఓ మాట అనేసేవాళ్లు. ఎడ్లబళ్ల మీద, సైకిళ్ల మీద పిల్లల్ని వేసుకుని వచ్చిన జనం మరి ఊరుకుంటారా. నువ్వు చెప్పావు చూడు, అక్కడ నాటకం పేరు కన్నా పైన ఎవరి పేరు వేశారో ఆ మనిషి రాకపోతే డబ్బులు వాపసు అడగొచ్చు లేదా ఇంకో రోజుకి మార్చుకోవచ్చు, పేరు కింద ఉంటే లేదు అని, అది నాకు చాలా నచ్చింది. ఆ లెక్కన కోపం టికెట్ కిటికీ దగ్గరే తీరిపోద్ది, లోపలికొచ్చి కూర్చున్నవాడు కూర్చోడానికి ఒప్పుకుని కూర్చున్నట్టు. మాకు అలాంటి కిటికీ లేదు, అంతా స్టేజీ మీదే తేలాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1994లో, నువ్వు పుట్టడానికి రెండేళ్ల ముందు, రాజోలు అవతల ఒక ఊళ్లో అమ్మవారి జాతరకి హరిశ్చంద్ర ఆడాం. కాటి సీను హరిశ్చంద్రుడు చాలా పేరున్నాయన, పేరు వద్దులే, ఆయన కోసమే ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చాయి. పాలకొల్లు మీదుగా రావాలి, అప్పటికింకా చించినాడ వంతెన లేదు, వశిష్ఠ గోదారిని పంటు మీదే, అంటే పెద్ద పడవ మీదే దాటాలి. ఆ రాత్రి పాటు ఎక్కువై నీళ్లు తగ్గి పంటు మధ్యలో ఇసకలో కూరుకుపోయింది, మళ్లీ పోటొచ్చేదాకా కదలదు. అంటే హరిశ్చంద్రుడు అవతలి గట్టు మీదున్నాడు, మేం ఇవతలున్నాం, మధ్యలో గోదారి. మొదటి హరిశ్చంద్రుడు తన సీను అవగానే ఇంకో ఊరి నాటకానికి బండెక్కేశాడు, అప్పుడలా ఒక రాత్రికి రెండూళ్లు ఆడేవాళ్లు. రాత్రి ఒంటిగంట దాటింది. ఇక వేరే దారి లేక వశిష్ఠుడు వేషం వేసిన కుర్రాడికి గడ్డం పీకేసి నల్ల కంబళి కప్పి చేతికి కర్ర ఇచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయేమో, పద్యాలన్నీ కంఠతా వచ్చు, ఎప్పుడూ పక్కనే కూర్చుని పెద్దాయన ఎలా అంటున్నాడో పెదాలు కదుపుతూ నేర్చుకున్నవాడు.

తెర వెనకాల నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని, మాస్టారూ నాది రెండున్నర శ్రుతండి, కొంచెం దించుతారా అన్నాడు. పెద్దాయన పాడేది నాలుగున్నర, అంటే గొంతు ఇంకా చాలా పైకి లేవాలి. నేనేమన్నానో తెలుసా, జనం నాలుగున్నరకి అలవాటుపడున్నారు, దించితే మొదటి పద్యానికే నాటకం పడిపోద్ది, నువ్వు పాడెయ్యి ఏం కాదు అన్నాను. వాడు సరేనండి అన్నాడు. అంతకంటే ఏమంటాడు, నేను మాస్టార్ని.

మైకులో చెప్పగానే జనం నుంచి వచ్చింది చూడు, నువ్వు విన్నదే, కాకపోతే ఇంకా పెద్దగా. ఈలలు, ఎవడ్రా వీడు, డబ్బులెవడు తిన్నాడ్రా, ఒక వరసలో జనం గోనెసంచులు దులుపుకుని లేచిపోయారు. ముందు వరసలో ఒక రైతు పెద్దాయన కోసం బంతిపూల దండ తెచ్చుకున్నాడు, దాన్ని అలా ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని తర్వాత లేచి పందిరి రాటకి తగిలించేశాడు. నాకు ఇప్పటికీ ఆ దండే కళ్లముందుంటుంది.

కుర్రాడు మొదటి పద్యం ఎలాగో నెట్టుకొచ్చాడు. రెండోది కూడా. మా కాటి సీనులో జాషువా గారి పద్యాలు కూడా కలిపి పాడతారు కదా, జనానికి అవి నోటికొచ్చు, ఎక్కడ రాగం పైకి లేవాలో నటుడికంటే ముందు వాళ్లకే తెలుసు. మూడో పద్యంలో అక్కడికొచ్చేసరికి గొంతు చీలిపోయింది. చీలిందంటే మామూలుగా కాదు, చిన్నపిల్లాడి గొంతులా కీచుమంది. ఒక్కసారి నవ్వు, అరుపులు, దింపేయండ్రా అని. వాడు నా వైపు చూశాడు. తిట్టినట్టు కాదు, అడిగినట్టు.

నేను అప్పుడు దించాను. ఆలాపన ఆపి రెండున్నర పట్టుకున్నాను, చేతులు వణికాయి. ఒక్క క్షణం అంతా ఆగిపోయింది, ముందు వరసలో ఒక ముసలాయన తల పంకించి పాడవయ్యా అన్నాడు, అంతే, ఆ ఒక్క మాటకి వాడు మళ్లీ మొదలుపెట్టాడు. సగంమంది అప్పటికే రోడ్డెక్కేశారు. మిగిలినవాళ్లు విన్నారు. చంద్రమతి పిల్లాడి శవం తెచ్చి కాటి సుంకం కట్టలేనంటే వాడు తాళిబొట్టు వైపు చూసే చోట ఆడాళ్లు కొంగులు కళ్లకి అద్దుకున్నారు, అది నేను చూశాను. అయితే అదేదో అద్భుతం అయిపోయిందని చెప్పను. బాగానే పాడాడు, పెద్దాయనలా కాదు, తనలా.

చప్పట్లు కూడా పడ్డాయి. చప్పట్ల గురించి నాకు తెలిసిందొకటి చెప్తాను, నువ్వు మీ హాల్లో విన్న చప్పట్లు గుర్తుతెచ్చుకుని చూసుకో. జాలితో కొట్టే చప్పట్లు పద్యం పూర్తవకముందే వచ్చేస్తాయి, పాపం గట్టెక్కాడు అన్నట్టు, గబగబా పెద్దగా ఉంటాయి. మనసుకి తగిలి కొట్టేవి ఆలస్యంగా వస్తాయి, పద్యం అయిపోయాక ఒక రెండు క్షణాలు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఎక్కడో వెనక మూల నుంచి మొదలవుతాయి. ఆ రాత్రి వాడికి మొదటి రకమే ఎక్కువ, రెండోది ఒక్క పద్యానికి వచ్చింది. నువ్వేమో చివర్లో అందరూ లేచి నిలబడి కొట్టారన్నావు, మధ్యలో ఒక పాట అయ్యాక మాత్రం కాసేపు ఎవ్వరూ కదల్లేదు అన్నావు. ఆవిడ ఇంటికి తీసుకెళ్లేది ఆ కాసేపటినే అనుకుంటాను.

తెల్లారి దండ అలాగే రాటకి వేలాడుతోంది, వాడిపోయి. హార్మణీ బరువు కదా, ఒక పక్క నేను ఒక పక్క వాడు పట్టుకుని రేవుదాకా నడిచాం. పంటు కదిలింది, అవతలి గట్టున పెద్దాయన టీ తాగుతూ కనపడ్డాడు. వాడు శ్రుతి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గొంతు చీలింది వాడి చేతకానితనమని ఊరంతా అనుకుంది, కాంట్రాక్టరూ అదే అన్నాడు, నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. తర్వాత రెండు మూడు నాటకాల్లో కనపడ్డాడు, ఆ తర్వాత భీమవరం వైపు చేపల చెరువుల మీద పనికి కుదిరాడని విన్నాను.

అందరూ స్థానం నరసింహారావు గారి కథ చెప్తారు. బాపట్లలో 1920లో హరిశ్చంద్రకి చంద్రమతి వేషగాడు రాకపోతే ఆయన్ని ఎక్కించారు, అక్కణ్ణుంచి మొదలై పద్మశ్రీ దాకా వెళ్లాడు మహానుభావుడు. నువ్వు కూడా చెప్పావు, 1954లో న్యూయార్క్‌లో ఒక నటి కాలికి దెబ్బ తగిలితే ఆవిడ బదులు షిర్లీ మెక్లెయిన్ స్టేజీ ఎక్కి సినిమాలకెళ్లిపోయిందని. నిజమే, కానీ అవి విని అందరూ అలాగే పైకొస్తారనుకోవడం నాకిష్టం లేదు. మా చెరువుల కుర్రాడి లాంటివాళ్లే ఎక్కువ. నువ్వు పంపిన వీడియో, 2021 డిసెంబర్లో ఆ సినిమా హీరో హ్యూ జాక్‌మన్ తన నాటకం అయ్యాక బదులు వేషం వేసినావిణ్ణి ముందుకు పిలిచి మాట్లాడింది, అది మాత్రం నాకు కళ్లనీళ్లు తెప్పించింది. మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పారట ఆవిడకి, ఒంటిగంటకి మొదటి రిహార్సల్, రాత్రికి మెయిన్ వేషం, అది కాక ఇంకో ఏడు వేషాలకి కూడా సిద్ధంగా ఉండే మనిషట. కోవిడ్ రోజుల్లో ఆ ఆటలు నిలబడ్డాయంటే అలాంటివాళ్ల వల్లే కదా. పెద్ద నటుడు జనం ఎదురుగా ఆ మాట చెప్పడం, అదీ పేరు పెట్టి చెప్పడం. ఆ రోజు నేను అదే చెయ్యలేదు.

నువ్వు అయ్యో అన్నందుకు సిగ్గుపడకు అమ్ములూ. నాలుగు నెలల డబ్బు, అంత దూరం ప్రయాణం, ఆ మాట నోట్లోంచి వచ్చేస్తుంది, ఎవరికైనా వస్తుంది. నువ్వు లేచి వెళ్లిపోలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చోలేదు, ఆవిడ పేరు గుర్తుపెట్టుకుని నాకు స్పెల్లింగ్‌తో సహా చెప్పావు. ఆ చీటీ పారెయ్యకు, ఫోటో తీసి పంపు, నా హార్మణీ పెట్టెలో పెట్టుకుంటా ప్రింట్ తీయించుకుని.

ఆ రాత్రి తర్వాత నేను ఏ వేషగాడినైనా, పెద్దాయన అయినా కుర్రాడైనా, బాబూ మీ శ్రుతి ఎంత అని ముందు అడక్కుండా పెడల్ మీద కాలు పెట్టలేదు.

మీ అమ్మ పూతరేకులు పంపాలని చూస్తోంది, వచ్చేనెల వాళ్లెవరో వస్తున్నారటగా, వాళ్లబ్బాయి నంబరు పంపు. వరికోతలు అయిపోయాయి, కొబ్బరి రేటు పర్లేదు. ఇంకొక్కటి, నీకు వీలైతే కనుక్కో, ఎవర్నైనా అడుగు, ఆ రోజు అక్కడ వాయించేవాళ్లు ఆవిడ కోసం శ్రుతి మార్చారా, లేక రోజూ పాడే ఆవిడ శ్రుతిలోనే పాడించారా అని.

నాన్న