పంతుళ్ళ కాగితాలను తూకానికి వెయ్యకండి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు నమస్కరించి రాసుకునే మనవి.

పాత బడి రికార్డుల గురించి మీ కార్యాలయానికి మూడు అర్జీలు పంపాను. సోమవారం గ్రీవెన్సుకు ఐదుసార్లు వెళ్ళి వరసలో నిలబడ్డాను. వెళ్ళిన ప్రతిసారీ రసీదు చేతికిచ్చారు. చివరికి నా అర్జీ పరిష్కారమైపోయిందని ఫోనుకు మెసేజీ కూడా వచ్చింది. ఏం పరిష్కారమైందండీ? ఆ రికార్డుల గోతాలు అక్కడే ఉన్నాయి.

నేను పనిచేసిన బడిలో మెట్ల కింద ఒక గది ఉంది. విరిగిన బెంచీల వెనక ఎరువుల గోతాల్లో అడ్మిషన్ రిజిస్టర్లు, తనిఖీ పుస్తకాలు, పాతకాలపు పంతుళ్ళు రాసుకున్న పాఠాల నోట్సులు కుక్కి పెట్టారు. కిందటి వానాకాలం ఆ గది కారింది. నేను వెళ్ళి ఒక రిజిస్టరు తెరవబోతే కాగితాలు అట్టలా అంటుకుపోయి ఉన్నాయి. వేలితో మెల్లగా విడదీశాను. కాగితం చిరిగిపోయి, సిరా నా అరచేతికి అంటింది. ఎవరో పిల్లాడి పేరు, తండ్రి పేరు, కులవృత్తి. చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పలేదు.

దాని కిందే ఒక పంతులుగారి డైరీ దొరికింది. రామబాణం పురుగు అంచులు తినేసినా అక్షరం నిలిచే ఉంది. రోజూ హాజరు వేసి, రానివాళ్ళు ఎందుకు రాలేదో పక్కనే రాశారాయన. నాట్లు, జ్వరం, గోదారి పొంగి పడవ కదలకపోవడం. వెనక పేజీలో, ఫీజు కట్టలేని పిల్లలకు తన జీతంలోంచి కట్టిన అణాల లెక్క. ఆ లెక్క ఆయన ఎవరికీ చూపించి ఉండరు.

ఈ ఊరి సంగతి మీకు తెలియంది కాదు. 1853లో మొదలైన జిల్లా స్కూలే మన ఆర్ట్స్ కాలేజీ అయింది. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన వీరేశలింగంగారూ బడిపంతులే. ఆయన స్వీయచరిత్ర రాసుకున్నారు, ఆయనకు విగ్రహాలున్నాయి. పక్క గదిలో పాఠం చెప్పిన మామూలు పంతులికి మిగిలింది ఈ కాగితాలే. 1910ల్లో గ్రాంథికమా వ్యావహారికమా అని పెద్దలు వాదించుకుంటుంటే తరగతి గదిలో ఏ తెలుగు నడిచిందో చెప్పేవీ ఇలాంటి నోట్సులే. అచ్చయిన పుస్తకాల్లో అది దొరకదు.

రెండేళ్ళ కిందట ఒక అధికారి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. స్కానింగు మిషను పంపిస్తామన్నారు. ఆశపడి నేనే కలరా ఉండలు కొని గోతాల్లో వేసి వచ్చాను. మిషను రాలేదు. పాత రికార్డులు భద్రపరిచే హైదరాబాదు తార్నాక ఆర్కైవ్స్‌కు రాయమన్నారొకరు. అది ఇప్పుడు వేరే రాష్ట్రం కదా అన్నారింకొకరు. ఎవరి గుమ్మం తొక్కాలో మీరైనా చెప్పండి.

ఇప్పుడు గడువు తీరిన రికార్డు అని పేరుపెట్టి, నెలాఖరుకి కిలోల లెక్కన వేలం వేస్తారట. అయ్యా, నేను భవనం అడగడం లేదు. కారని గది ఒకటి, నాలుగు ఇనప రాకులు, చదవడం వచ్చిన మనిషి ఒకరు చాలు. అదీ ఇప్పట్లో కుదరకపోతే ముందు వేలం ఆపించండి. ఒక్క ఫోను చెయ్యండి చాలు. గోతాలు మోయించి మా ఇంటి వసారాలో పెట్టుకోవడానికైనా అనుమతివ్వండి. మా ఇల్లు కారదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
రాజమహేంద్రవరం