సెయింట్ థామస్‌లో మా అమ్మ పక్కన నిలబడ్డ ఆవిడకి

నిన్న రాత్రి పదకొండున్నరకి నెవార్క్‌లో దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే పడున్నాయి, పిల్లల చెప్పుల్లోంచి ఇసక రాలుతోంది. రేపు పొద్దున్నే ఆఫీసు. పడుకోవాలి, కానీ ఇది రాస్తేగానీ నిద్ర పట్టేట్టు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

జనవరి నుంచి ఈ కరీబియన్ ట్రిప్ పేరు చెప్పి ఈ గ్రూపులో మీ అందర్నీ ప్రశ్నలతో చంపేశాను కదా. ఏ దీవి, ఏ బీచ్, అమ్మకి మెట్లు ఎక్కే పని లేని ఇల్లు దొరుకుతుందా, అన్నం వండుకోడానికి కుక్కర్ తీసుకెళ్ళచ్చా అని. కాబట్టి ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

అమ్మానాన్న వచ్చి రెండు నెలలైంది. ఏప్రిల్‌లో పిల్లలకి సెలవులు. తమ్ముడు వాళ్ళు టెక్సస్ నుంచి వస్తామన్నారు. మొత్తం తొమ్మిది మందిమి, అందులో ఒకరు చంటిపిల్ల, ఒకరు మోకాలి ఆపరేషన్ అయి ఆర్నెల్లు కూడా దాటని మా అమ్మ. ముందు కరీబియన్‌లోనే అరూబా అనే దీవి అనుకున్నాం. ఇల్లు బుక్ చేసి, అడ్వాన్స్ కట్టాక మా ఆఫీసులో ఒకతను అన్నాడు, "మీ స్టాంపింగ్ ఉందా?" అని. అప్పుడు గుండెలో రాయి పడింది. నాదీ మా ఆయనదీ పాస్‌పోర్టులో హెచ్-1బి వీసా స్టాంపు గడువు అయిపోయి రెండేళ్ళు. ఐ-797 అనే వీసా మంజూరు కాయితం ఉంటే ఇక్కడ ఉండచ్చు, పని చేసుకోవచ్చు, పన్నులు కట్టచ్చు. గడప దాటితే మాత్రం కాన్సులేట్‌లో కొత్త స్టాంపు పడేదాకా లోపలికి రాలేం. కెనడాకో మెక్సికోకో వెళ్ళి ముప్ఫై రోజుల్లో వచ్చేస్తే పాత స్టాంపుతోనే లోపలికి రానిస్తారు, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒకటుంది. కరీబియన్ దీవులకి ఆ వెసులుబాటు ఎఫ్, జె వీసాల వాళ్ళకే, మాకు లేదు. అంటే చదువుకోడానికి వచ్చిన పిల్లాడు వెళ్ళి రావచ్చు, పదకొండేళ్ళుగా ఇక్కడే చాకిరీ చేస్తున్నదాన్ని నేను వెళ్ళకూడదు. అడ్వాన్స్ పోయింది. ఎంతో రాయను, అమ్మ ఈ పోస్టు చదివించుకుంటుంది.

అలా సెయింట్ థామస్‌కి మారాం. అది యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక దీవి. ఆ దీవులు అమెరికావే, 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కున్నారు. కాబట్టి దేశం దాటినట్టు కాదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అక్కడి ఎయిర్‌పోర్టులోనే కస్టమ్స్ వాళ్ళు కాయితాలు చూస్తారు. స్టాంపు లేనివాళ్ళు ఎవరైనా వెళ్తుంటే పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు చేతిలో పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు.

ఇక అసలు సంగతి. మా అమ్మది నాగాయలంక వైపు. దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు తనకి పదమూడేళ్ళు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మా చిన్నప్పుడు అందరూ మంగినపూడి బీచ్‌కి పిక్నిక్ వెళ్తే అమ్మ కార్లోంచి దిగేది కాదు. "ఎండ" అనేది. పెద్దయ్యాక మాకు అర్థమైంది, కానీ అడగలేదు. మరి అలాంటి మనిషిని సముద్రం మధ్యలో ఉన్న దీవికి ఎందుకు తీసుకెళ్ళావు అని మీరు అడగచ్చు. అమ్మే అంది, పిల్లలు ఆడుకుంటారు, నేను ఇంట్లో కూర్చుని వండి పెడతాలే అని. నేను సరేనన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. తుపాన్ల నెలలు తప్పించి ఏప్రిల్ పెట్టుకున్నాను కదా, నా వంతు అయిపోయింది అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం దిగాం. విమానం నిండిపోయిందని ఎక్కేముందు గేటు దగ్గరే మా చేతి బ్యాగులు కొన్ని లాక్కుని కింద వేశారు. అందులో ఒకటి అమ్మ ఇన్సులిన్ ఉన్న బ్యాగు. నేను చంటిదాని స్ట్రోలర్ మడుస్తూ గమనించలేదు, తప్పు నాదే. దిగాక చూస్తే ఆ ఒక్క బ్యాగే రాలేదు. కౌంటర్లో అమ్మాయి కాయితం నింపి "ట్రాక్ చేసుకోండి" అంది. బయటికొస్తే రెండు నెలల ముందు డబ్బు కట్టి బుక్ చేసుకున్న వ్యాన్ రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. చంటిది ఏడుపు, నాన్నకి ఆకలి, అమ్మ వీల్‌చైర్లో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

అక్కడ టాక్సీ అంటే సఫారీ. ట్రక్కు వెనక భాగం తెరిచి, బెంచీలు వేసి, పైన కప్పు కట్టిన బండి. మనిషికింత అని రేటు. వరసలో ముందున్న బండి దగ్గరికి పరిగెత్తి, "నైన్ పీపుల్, వీల్‌చైర్, ఎంత?" అన్నాను, ఊపిరి కూడా పీల్చుకోకుండా. డ్రైవరు ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. నన్ను ఒకసారి చూసి, నెమ్మదిగా, "గుడ్ ఆఫ్టర్‌నూన్" అని ఆగింది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ రేటు అడిగాను. మళ్ళీ "గుడ్ ఆఫ్టర్‌నూన్." అప్పుడు వెలిగింది. ఆ దీవుల్లో పలకరింపు లేకుండా పని అడగడం అంటే మొహం మీద కొట్టినట్టు. కొట్లోకి వెళ్ళినా, బస్సెక్కినా ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. రాత్రయితే కలవగానే గుడ్ నైట్ అంటారు, అది వీడ్కోలు కాదు. నేను చదివే ఉన్నాను, ఎక్సెల్ షీట్లో ఒక గడిలో రాసుకున్నాను కూడా. నోట్లోంచి రాలేదు, అంతే. "గుడ్ ఆఫ్టర్‌నూన్, అమ్మా" అన్నాను. అమ్మా అని ఎందుకొచ్చిందో తెలీదు. అప్పుడు ఆవిడ బండి దిగి, నన్ను దాటుకుని నేరుగా మా అమ్మ వీల్‌చైర్ దగ్గరికి వెళ్ళి, వంగి, అమ్మకి కూడా గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పింది. పొద్దుట్నుంచీ ఎయిర్‌పోర్టుల్లో అందరూ అమ్మ తల మీదుగా నాతో మాట్లాడినవాళ్ళే. "డజ్ షీ నీడ్", "కెన్ షీ వాక్". అమ్మతో మాట్లాడిన మొదటి మనిషి ఈవిడే.

మిగతావాళ్ళని ఇంటి దగ్గర దింపి, ఇన్సులిన్ సంగతి తెలిసి, నన్నూ అమ్మనీ మళ్ళీ ఎక్కించుకుంది. మొదటి మందుల షాపు మూసేశారు. రెండో దాంట్లో ఇక్కడి డాక్టరు చీటీ కావాలన్నారు, విజయవాడ డాక్టరు చీటీ చెల్లదు. ఈ మధ్యలో విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట విన్నాక చెప్పారు, షుగరు ముందునుంచీ ఉన్న జబ్బు కాబట్టి "అక్యూట్ ఆన్‌సెట్" అయితేనే కవర్ అవుతుందట. అంటే మనిషి కళ్ళు తిరిగి పడిపోతే డబ్బిస్తారు, పడకుండా ఆపే మందుకి ఇవ్వరు. మూడు నెలల ప్రీమియం ముందే కట్టించుకున్నారు మహానుభావులు. నేను ఫోన్లో అరుస్తుంటే ఆవిడ అద్దంలోంచి చూసి, ఏమీ అనకుండా కొండ మీదికి తిప్పింది. ఆ రోడ్లు తిరుమల ఘాట్ రోడ్డు లాంటివే, పైగా బండ్లన్నీ మన దేశంలోలా ఎడమ పక్కన పోతాయి. అమ్మకి అదొక్కటే ధైర్యం, "ఇదేదో మన ఊళ్ళా ఉందే" అంది. చివరికి ఒక చిన్న క్లినిక్‌లో డాక్టరు చూసి చీటీ రాశారు. ఇన్సులిన్ చేతికొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. శనివారం సాయంత్రం, దీవి నిండా టూరిస్టులు, ఆవిడ బేరాలన్నీ పోగొట్టుకుని మాతో నాలుగు గంటలు తిరిగింది. ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన చార్జీ తప్ప పైసా తీసుకోలేదు. నేను నోట్లు పట్టుకుని వెంటపడితే, "రేపు చర్చి అయ్యాక వస్తాను, మీ అమ్మని మేగెన్స్ బే బీచ్‌కి తీసుకెళ్దాం" అంది.

అమ్మ నీళ్ళ దగ్గరికి రాదని చెప్పాను. ఎందుకు అంది. చెప్పాను, రెండు ముక్కల్లో. ఆవిడ తలూపింది. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను వాళ్ళ మీదే పోయింది, రెండు వారాలకే మరియా. ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోతే మనవరాలిని బాత్‌టబ్‌లో పడుకోబెట్టి మీద పరుపు వేసి, దాని మీద తను పడుకుందట. కరెంటు నెలల తరబడి లేదు. ఇదంతా కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది.

ఆదివారం నిజంగానే వచ్చింది. చర్చి గౌను, తలకి గళ్ళ గుడ్డ కట్టుకుని. ఆ గుడ్డని అక్కడ మద్రాస్ అంటారు. అమ్మ దాన్ని పట్టుకు చూసి "మన లుంగీ గుడ్డే" అంది. ఈ మాట నేను అనువాదం చేయలేదు.

మేగెన్స్ బే దాదాపు మైలు పొడవు, లోపలికి వంగి ఉంటుంది కాబట్టి అలలు పెద్దగా రావు. వెనక కొబ్బరి చెట్లు. అమ్మని చెట్ల కింద కుర్చీలో కూర్చోబెట్టాం. పిల్లలు నీళ్ళలోకి పరిగెత్తారు. అమ్మ వాళ్ళ వైపు చూడకుండా కొబ్బరి చెట్ల వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టి, అమ్మ పక్కన ఇసకలో కూర్చుంది. పావుగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మ నాతో అంది, "ఆవిణ్ణి అడుగు, గాలివానలో వాళ్ళింట్లో ఎవరైనా పోయారా అని."

అడిగాను. లేదంది. "మీకు?" అంది.

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు కూడా శనివారమే అని మొదలుపెట్టింది. నేను వాక్యం వాక్యం ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. తాటిచెట్టంత నీరు, పశువుల అరుపులు, తుమ్మచెట్టు. ఇవి నాకు తెలుసు. తర్వాత చెప్పినవి తెలీదు. అమ్మకి ఒక తమ్ముడున్నాడని తెలుసు, ఉప్పెనలో పోయాడని తెలుసు. వాడి చెయ్యి అమ్మ చేతిలో ఉందని తెలీదు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి, నా నోటితో ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది అది. ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అమ్మ "చెప్పు" అంది.

ఆవిడ అయ్యో అనలేదు, దేవుడి మాట ఎత్తలేదు. "ఆ బాబు పేరేంటి?" అని అడిగింది.

మా ఇంట్లో ఆ పేరు నేను పుట్టాక ఎవరూ పలకలేదు. అమ్మ పలికింది. ఆవిడ తన యాసలో రెండుసార్లు తిరిగి పలికి, సరిగ్గా అన్నానా అని అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ ఒక అక్షరం సరిచేసింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. నేను లేచి కొబ్బరి చెట్టు వెనక్కి పోయాను, అక్కడ ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నీళ్ళ అంచున ఉన్నారు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది, రెండో చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. నీళ్ళు చీలమండల దాకానే. ఒక పది నిమిషాలు, అంతే. తర్వాత మోకాలు లాగుతోందని వచ్చి కూర్చుంది.

మూడో రోజున బ్యాగు వచ్చింది. వెళ్ళేముందు అమ్మ ఆవిడకి బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డా రెండు అరటిపళ్ళూ చేతిలో పెట్టింది. "వెళ్ళొస్తాను అక్కా" అంది. పేరు రాయద్దని, ఫోటో పెట్టద్దని ఆవిడ ముందే చెప్పింది కాబట్టి రాయడం లేదు. ఆవిడ తెలుగు చదవదు. అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మీకు ఋణపడి ఉన్నానండీ.

మా ఆయన, తమ్ముడు, మరదలు, నాన్న, అందరూ చాలా చేశారు. విడిగా చెప్పక్కర్లేదు, చెప్తే తిడతారు.

అయ్యో, ఆ క్లినిక్‌లో నర్సుగారు. మూసే టైమ్ అయినా మమ్మల్ని లోపలికి రానిచ్చారు. పక్క దీవి సెయింట్ జాన్‌కి వెళ్ళే ఫెర్రీలో వీల్‌చైర్ ఎత్తిన ఇద్దరు కుర్రాళ్ళు. అక్కడి ట్రంక్ బే బీచ్‌లో మా సన్‌స్క్రీన్ అక్కడ నిషేధమని, పగడాలకి హాని అని చెప్పి, వాళ్ళది మాకిచ్చిన జంట. ఇంటికి తాళం ఇచ్చిన ఆయన, రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదంటే వచ్చి చూశారు. ఎడిసన్‌లో పులిహోర కట్టిచ్చిన ఆంటీ, మొదటి రాత్రి అందరం తిన్నది అదే.

మళ్ళీ ఎడిట్: అమ్మకి చదివి వినిపించాను. బీచ్‌లో మనది కాని కుర్చీలో కూర్చున్నాం కదే, అది తెచ్చి వేసిన అబ్బాయిని రాయలేదేం అంది. ఎర్ర చొక్కా, పన్నెండేళ్ళుంటాయి. కుర్చీ వేసి, అమ్మకి గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పి పరిగెత్తాడు.