ఆటకు మైదానం ఇచ్చినట్టే పాటకు ఒక గది ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బస్తీ పిల్లలకు సంగీతం నేర్పడానికి హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ తన బడ్జెట్‌లో ఒక పద్దు తెరవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సర్కారు బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. నాకు సంగీతం రాదు. కానీ రెండేళ్లపాటు మా ఇంటి వెనక బస్తీలో చూసింది మనసులో పెట్టుకుని ఊరుకోలేకపోతున్నాను.

ఆ బస్తీలో డెబ్బైకి దగ్గరపడిన ఒక డప్పు కళాకారుడు ఉన్నాడు. సాయంత్రాలు కమ్యూనిటీ హాలు ఖాళీగా ఉంటుందని పిల్లలను పోగేసి డప్పు నేర్పడం మొదలుపెట్టాడు. మొదట ముగ్గురే వచ్చారు. ఏడాది తిరిగేసరికి పందొమ్మిది మందయ్యారు. సగం మంది బడి మానేసినవాళ్లే. కొందరు మెకానిక్ షెడ్డుల్లో పని చేస్తారు, కొందరు ఫంక్షన్లలో ప్లేట్లు తీస్తారు. రాతలు చెరిపే వైట్‌నర్‌ను మత్తు కోసం గుడ్డలో పోసుకుని పీల్చే అలవాటు పడ్డవాళ్లు ఇద్దరున్నారు. పేర్లు రాయను, వాళ్లింకా పిల్లలు.

ఆ ఇద్దరిలో ఒకడు ఆరో తరగతిలో నా దగ్గర చదివాడు. క్లాసులో పది నిమిషాలు కుదురుగా కూర్చునేవాడు కాదు. ఒక సాయంత్రం హాలు ముందు అట్టముక్కల మంట దగ్గర వాడు డప్పు కాపుతుంటే చూశాను. అంచు పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. ఒక చుట్టు తిప్పగానే వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. మళ్లీ మంట మీదికి. కాగడం తక్కువైతే మోగదు, ఎక్కువైతే తోలు పగులుతుంది. ఇరవై నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత డప్పు కొట్టే రెండు కర్రలు, సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని వరసలో నిలబడి బాదడం మొదలుపెడితే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "గట్టిగ కొడితే సప్పుడైతది బిడ్డా. దరువు గావాలంటే పక్కోడిది ఇనాలె" అన్నాడు.

ఆ పిల్లవాడు పూర్తిగా మారిపోయాడని చెప్పను. వైట్‌నర్ మొత్తానికి మానలేదు. కానీ అయిదున్నర నుంచి ఏడున్నర దాకా వాడి చేతిలో ఆ గుడ్డ ఉండేది కాదు. పిల్లల మధ్య ఇన్నేళ్లు గడిపిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ రెండు గంటలే అసలు గండం. బడి విడిచాక, అమ్మానాన్న పని నుంచి ఇల్లు చేరేలోపు, గల్లీ మొగదల ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్లే సమయం అది.

ఒక రోజు హాలుకు తాళం పడింది. ఫంక్షన్లకు అద్దెకిస్తే నాలుగు డబ్బులు వస్తాయని చూసుకునేవాళ్లు అనుకున్నారు. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ క్లాసుకు ఒక కాగితం లేదు, ఒక ఉత్తర్వు లేదు, ఎవరి జమాఖర్చులోనూ దాని పేరు లేదు. నలుగురి దయ మీద నడిచింది, ఆ దయ తీరగానే ఆగింది. "టీచర్, ఇయ్యాల హాలు తీస్తరా?" అని ఆ పిల్లవాడు చాలా రోజులు నన్ను అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు. నాకు ఎక్కువ భయం వేసింది అప్పుడే.

జీహెచ్‌ఎంసీకి ఇలాంటి పని కొత్త కాదు. ఏటా ఎండాకాలంలో మైదానాల్లో వేసవి శిక్షణ శిబిరాలు పెడుతుంది, కోచ్‌లను పెట్టుకుంటుంది, నామమాత్రపు ఫీజుతో వేల మంది పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఆ ఏర్పాటునే సంగీతానికీ పెట్టమంటున్నాను, అయితే ఎండాకాలానికే కాదు, ఏడాది పొడవునా. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతూనే ఉన్నాం. చదువుకునే గది కోసం పన్ను కట్టడం తప్పు కాదని ఈ సమాజం ఎప్పుడో ఒప్పుకుంది.

డబ్బెక్కడిది అని అడుగుతారు. లెక్కల టీచర్ని కాబట్టి లెక్క వేశాను. ఒక కేంద్రానికి ఇద్దరు గురువులు, ఒక్కొక్కరికి నెలకు 15,000. నలభై మంది పిల్లలకు సాయంత్రం తినడానికి రోజుకు తలా 20 రూపాయలు, నెలకు పాతిక రోజులు, అది 20,000. కలిపితే నెలకు 50,000, ఏడాదికి 6 లక్షలు. మొదటి ఏడాది వాద్యాలకు ఇంకో లక్షన్నర. గదికి అద్దె వేయలేదు, ఎందుకంటే కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి. ముప్పై బస్తీల్లో పెడితే మొత్తం 2 కోట్ల 25 లక్షలు. జీహెచ్‌ఎంసీ 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు. అంటే వంద రూపాయల్లో మూడు పైసలు కూడా కాదు. నాలాలకు, రోడ్లకు పెట్టే డబ్బు దీనివల్ల తగ్గిపోతుందని ఎవరూ అనలేరు. తిండి ఖర్చు మాత్రం తీసేయొద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ఆకలితో ఉన్న పిల్లవాడు తాళం వినడు.

నగరం తన ఖజానా నుంచి ఇలాంటి పని చేసిన చోటు ఒకటి చెబుతాను. కొలంబియాలోని మెడెయీన్, ఒకప్పుడు మాదకద్రవ్యాల ముఠాల కాల్పులతో ప్రపంచంలోనే అత్యధిక హత్యలు జరిగిన నగరాల్లో ఒకటి. అక్కడి నగర మండలి 1996లో తీర్మానం చేసి పేద వాడల్లో సంగీత బడులు తెరిచింది. అవి ఇరవై దాటాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. తీర్మానం, పద్దు ఉన్నాయి కాబట్టే నిలిచాయని నా నమ్మకం. పక్కనున్న వెనిజువెలాలో 1975లో హొసే అంటోనియో అబ్రూ మొదలుపెట్టిన పిల్లల సంగీత శిక్షణ కార్యక్రమం 'ఎల్ సిస్తెమా' ఇంకా ఎక్కువ పేరున్నది. దాని మీద జరిగి 2017లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనాన్ని మన అధికారులు తప్పక చదవాలి. 16 కేంద్రాల్లో 2,914 మంది పిల్లలను పరిశీలించారు. పిల్లల్లో నిగ్రహం కొంత పెరిగింది, హింస మధ్య పెరిగిన మగపిల్లల్లో దుడుకుతనం తగ్గింది. కానీ కార్యక్రమంలోకి వచ్చినవాళ్లలో పేద పిల్లలు అనుకున్న దానికంటే తక్కువని కూడా అదే అధ్యయనం తేల్చింది.

నాకు ముఖ్యంగా తోచింది ఈ చివరి మాటే. కేంద్రం మెయిన్ రోడ్డు మీద పెట్టి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఆధార్, ఫొటోలు, ఫీజు అడిగితే కార్లలో దిగే పిల్లలతో నిండిపోతుంది. బస్తీలోనే పెట్టాలి. గొంతు బాగుందా, చెయ్యి పడుతుందా అని పరీక్షలు పెట్టకూడదు. వచ్చినవాడిని రానివ్వాలి, నాలుగు రోజులు మానేసి వచ్చినా రానివ్వాలి.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. ఆ క్లాసుకు కొడుకును పంపనన్న ఒక తల్లి నాతో అంది, "మా మామను డప్పు గొట్టమని ఊర్ల ఎట్ల పిలిచిండ్రో నాకెర్క టీచరమ్మా, నా కొడుకుకు అదే ఎందుకు?" ఆమె బాధలో న్యాయం ఉంది. డప్పు ఫలానా కులం పిల్లలకే అని ఎవరూ అనకూడదు, ఫలానా పిల్లలకు డప్పే చాలని అంతకన్నా అనకూడదు. తబలా, కీబోర్డు, హార్మోనియం, వేణువు అన్నీ ఆ గదిలో ఉండాలి. పాత నగరం వైపు మర్ఫా అనే తాళవాద్యం ఉండాలి. నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్విక దళం వారసులు, ఆ దళం పేరే పెట్టుకున్న ఏ.సి. గార్డ్స్ ప్రాంతంలో ఆ వాద్యాన్ని ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చారు. ఎవరి వేళ్లు ఎటు పోతాయో పిల్లలే తేల్చుకుంటారు. 2024 అక్టోబరులో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించాక చేత్తో వాయించేవాళ్లకు మా వైపు గిరాకీ పెరిగింది కూడా. కాబట్టి ఇది తిండి పెట్టని విద్య అని కొట్టిపారేయలేం.

గురువులకు కొరత లేదు. రాంకోఠిలో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. అక్కడ డిప్లొమా చేసి ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకుంటున్న యువతీయువకులు నాకు తెలుసు. కేంద్రానికి ఒక డిప్లొమా గురువు, ఒక బస్తీ కళాకారుడు జోడీగా ఉంటే సరిపోతుంది. బస్తీ గురువుకు సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపొద్దు. ఘంటసాల గారు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరినప్పుడు కళాశాలకు సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి ఉచితంగా చదువు చెప్పారు, ఆ కుర్రాడు మధూకరం చేసుకుని కడుపు నింపుకున్నాడు. అందరికీ అలాంటి గురువు దొరకడు. ఏ పిల్లవాడినీ అడుక్కుని నేర్చుకోమనే స్థితిలో ఈ నగరం లేదు.

వచ్చే బడ్జెట్ ముసాయిదాలో ఈ పద్దు చేర్చమని కమిషనర్ గారిని, నగర ప్రజాప్రతినిధులను కోరుతున్నాను. ముప్పై చోట్ల ఒకేసారి కుదరకపోతే అయిదు చోట్ల మొదలుపెట్టండి. కానీ మూడేళ్లకు హామీ ఇచ్చి మొదలుపెట్టండి. అలవాటు చేసి మధ్యలో తాళం వేయడం కంటే మొదలుపెట్టకపోవడమే నయం. ఆ పిల్లవాడి ముఖం చూసినదాన్ని కాబట్టి ఈ మాట అంటున్నాను.

హాలు మూతపడ్డాక పదకొండు డప్పులు మా ఇంట్లో పెట్టించాను. వానలకు తోలు మెత్తబడుతుందని, ఎండ కాసినప్పుడల్లా వరండాలో ఆరబెడుతున్నాను. పెద్దాయన ఇప్పటికీ వారానికోసారి వచ్చి ఒక్కొక్కటీ తట్టి చూసి వెళ్తున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సికింద్రాబాద్