పాత రోడ్ బైక్ షిఫ్టర్లు: ఇకపై మా పద్ధతి ఇదీ

తయారీ ఆగిపోయిన షిఫ్టర్ల కోసం మాకు రాస్తున్నవాళ్లందరికీ ఒక మార్పు చెప్పాలి. ఈ నెల నుంచి పాత ఎస్‌టీఐ షిఫ్టర్ (బ్రేకూ గేరూ ఒకే లివర్‌లో ఉండే షిమానో కంపెనీ రకం) అడిగిన వెంటనే బిల్లు వేయం. మీ బైక్ మీద ఉన్నదాన్ని ముందు కడిగి చూడమంటాం. కడిగినా గేరు పట్టకపోతేనే బదులు వెతుకుతాం. దీనివల్ల మా అమ్మకం తగ్గుతుందని తెలుసు. కానీ ఈ సరుకు మళ్లీ తయారయ్యేది కాదు. బాగానే ఉన్నదాన్ని పారేయించి ఇంకోటి అమ్మితే, నిజంగా అవసరమైనవాళ్లు అడిగే రోజుకి మా దగ్గర ఏమీ మిగలదు.

మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది దాకా సెకండ్‌హ్యాండ్ షిఫ్టర్లని చేత్తో పట్టుకుని, కేబుల్ లేకుండా, క్లిక్‌లు లెక్కపెట్టి అమ్మేవాళ్లం. అది సరైన పరీక్ష కాదు. కేబుల్ లాగుడు లేనప్పుడు లోపల కేబుల్‌ని పట్టి ఉంచే పళ్లలో అరిగినది కూడా నిలబడుతుంది. డీరేలర్ (చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) స్ప్రింగ్ లాగడం మొదలుపెట్టాకే దాని అసలు సంగతి బయటపడుతుంది. అలా తిరిగొచ్చినవాటికి డబ్బు వెనక్కిచ్చాం. ఇంకా ఎవరి దగ్గరైనా అలాంటిది ఉంటే పంపండి, కొని ఎన్నాళ్లయిందని అడగం. ఇప్పుడు ప్రతి షిఫ్టర్‌నీ బల్లకి కట్టిన హ్యాండిల్ బార్ ముక్కకి బిగించి, కొత్త కేబుల్ వేసి, డీరేలర్‌కి కలిపి, ఈ చివర నుంచి ఆ చివరకి 200 సార్లు నడుపుతున్నాం. ఒక్కసారి జారినా అది అమ్మకానికి రాదు.

కడగమని ఎందుకంటున్నామో చెప్తాం. షిమానో బ్రేకునీ గేరునీ ఒకే లివర్‌లోకి తెచ్చింది 1990లో, డ్యూరా-ఏస్ అనే పైశ్రేణి విడిభాగాల 7400 వరుసలో. ఆ తర్వాత వచ్చిన 8, 9 స్పీడ్ లివర్లలో (స్పీడ్ అంటే వెనక పళ్లచక్రాల సంఖ్య), 6500 అల్టెగ్రా అయినా 5500 నంబరు 105 అయినా, లోపలి పని ఇంచుమించు ఒకటే. కేబుల్ చుట్టుకునే చక్రం, దాని అంచున పళ్లు, ఆ పళ్లలో పడే చిన్న కొక్కేలు. కొక్కేన్ని పంటిలోకి నెట్టే స్ప్రింగు చాలా సన్నం. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజులోని నూనె ఏళ్ల తరబడి ఇగిరిపోయి, మిగిలినది ఎండిన బంకలా పసుపుపచ్చగా అంటుకుంటుంది. ఆ బంకని దాటి కొక్కేన్ని నెట్టే బలం ఆ స్ప్రింగుకి ఉండదు. అందుకే పెద్ద లివర్ (కేబుల్ లాగేది, అదే బ్రేక్ లివర్) చప్పుడు లేకుండా చివరిదాకా ఊరికే తిరుగుతుంది. బైక్ వాడకుండా మూలన పెట్టేసినా ఇది తప్పదు. వాడనివాటిలోనే ఎక్కువ చూస్తున్నాం.

లక్షణాన్ని బట్టి జబ్బు చాలావరకు తెలిసిపోతుంది. లివర్ ఊరికే తిరుగుతూ ఒక్క క్లిక్ కూడా రాకపోతే గ్రీజు. చలి ఉదయం మొండికేసి ఎండెక్కాక పనిచేస్తే కచ్చితంగా గ్రీజే. ఎప్పుడూ ఒకే గేరు దగ్గర, కేబుల్ బిగువుగా ఉన్నప్పుడే జారుతుంటే అక్కడ పన్ను అరిగింది, కడిగినా లాభం లేదు. నొక్కిన లివర్ తనంతట తాను వెనక్కి రాకపోతే, శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే, రిటర్న్ స్ప్రింగు పోయింది. చిన్న లివర్ (పెద్దదాని వెనక ఉండి కేబుల్‌ని వదిలేది) నొక్కినా కేబుల్ వదలకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి.

ఇక కడిగే పద్ధతి. గేర్ కేబుల్ పూర్తిగా తీసేయండి. రబ్బరు తొడుగుని వెనక్కి మడవండి. టైరు, రిమ్ము, బ్రేక్ ప్యాడ్ల మీద చుక్క పడకుండా గుడ్డ కప్పండి. చిన్న లివర్ పదిసార్లు నొక్కి చక్రాన్ని కేబుల్ పూర్తిగా వదిలే స్థానానికి తెండి. సన్నటి గొట్టం ఉన్న డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేని రెండు చోట్ల కొట్టాలి: కేబుల్ దూర్చే రంధ్రంలోకి, పెద్ద లివర్‌కీ బాడీకీ మధ్య సందులోకి. పావుగంట ఆగండి. తర్వాత రెండు లివర్లనీ యాభైసార్లు ఆడించండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆపొద్దు. గోధుమరంగు మురికి కారడం మొదలైతే పని జరుగుతున్నట్టే. మళ్లీ స్ప్రే, మళ్లీ ఆడించడం. కారేది తేటగా వచ్చేదాకా మూడు నాలుగు విడతలు. అప్పటికీ కదలకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఇంకోసారి తడిపి, రాత్రంతా వదిలేయండి. మొదట ఒక క్లిక్ పడుతుంది, తర్వాత రెండు. అక్కడి నుంచి త్వరగా దారికొస్తుంది.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, మళ్లీ రెండు నెలలకి మాకు రాసేదీ ఇందుకే. స్ప్రే పాత గ్రీజుని కడిగేసి తాను ఆవిరైపోతుంది, లోపల లోహం పొడిగా మిగులుతుంది. ఒక రోజు ఆరనిచ్చి, పల్చటి మెషిన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు అవే రెండు చోట్ల వేసి, ముప్ఫైసార్లు ఆడించి, కారినది తుడిచేయాలి. చిక్కటి గ్రీజు కూరొద్దు, మళ్లీ అదే జబ్బు వస్తుంది. అసిటోన్, కార్ల బ్రేక్ క్లీనర్ అసలు వాడొద్దు. లోపలి ప్లాస్టిక్‌నీ, తొడుగు రబ్బరునీ తినేస్తాయి.

షిమానో లివర్‌ని విప్పి బాగుచేయమని అడిగేవాళ్లకి ఇకపై కాదనే చెప్తాం. లోపలి చిన్న ముక్కలు విడిగా దొరకవు, కాబట్టి విప్పడం వల్ల ఒరిగేది కడగడం కంటే పెద్దగా ఉండదు. బిగించేటప్పుడు స్ప్రింగు ఒక్కటి స్థానం తప్పితే ఉన్నదీ పోతుంది. కాంపగ్నోలో అనే ఇటలీ కంపెనీ సంగతి వేరు. 1998 నుంచి, 2009లో అల్ట్రా-షిఫ్ట్ అనే కొత్త రకం వచ్చేదాకా చేసిన 9, 10 స్పీడ్ ఎర్గోపవర్ (వాళ్ల బ్రేకు-గేరు) లివర్లు విప్పి బాగుచేసుకునేలా కట్టినవే. క్లిక్‌లు మెత్తబడి గేరు నిలవకపోతే సాధారణంగా లోపలి రెండు జీ-స్ప్రింగులు (క్లిక్‌ని పట్టి ఉంచేవి) అలిసిపోయాయి, లేదా అవి కూర్చునే ప్లాస్టిక్ ముక్క పగిలింది. రెండూ మార్చుతాం. 2007లో కింది శ్రేణి విడిభాగాల సెట్లలో వచ్చిన ఎస్కేప్ అనే రకంలో ఈ అమరిక లేదు, వాటిని తీసుకోం. ఇంకో మాట: కాంపగ్నోలో కేబుల్ తల షిమానోదానికంటే చిన్నది. షిమానో కేబుల్‌ని అందులో బలవంతంగా దూర్చితే తల ఇరుక్కుపోతుంది, అది తీయడానికి పట్టే టైము స్ప్రింగులు మార్చడానికి కూడా పట్టదు.

10 స్పీడ్ షిమానోలో 7900, 6700, 5700 వరుసల్లో గేరు కేబుల్ హ్యాండిల్ బార్ టేపు కిందకి వెళ్లింది. చూడ్డానికి బాగుంటుంది. కానీ కేబుల్ లివర్ లోపలే గట్టిగా వంగి తిరగాలి, ప్రతి మార్పుకీ అదే చోట వంగుతూ పోగులు ఒక్కొక్కటీ తెగుతాయి. గేరు ఒకరోజు సరిగ్గా, మరురోజు అరక్లిక్ తేడాగా పడుతూ, కేబుల్ బిగువు మార్చే అడ్జస్టర్ ఎంత తిప్పినా కుదురు రాకపోతే లోపల పోగులు తెగుతున్నాయనే అర్థం. ఇంకా తొక్కితే తల విడిపోయి చక్రంలో ఉండిపోతుంది, పోగులు పళ్లలో చిక్కుకుంటాయి. అప్పుడు లివర్లని బలంగా ఆడించొద్దు. చిన్న లివర్‌తో మెల్లగా కేబుల్ పూర్తిగా వదిలే స్థానానికి తెచ్చి, టార్చి వేసి, సన్నటి ఊచతో తలని వచ్చిన దారినే వెనక్కి నెట్టండి. పోగులు పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. ఒక్కటి మిగిలినా లివర్ మళ్లీ ఇరుక్కుంటుంది. 3,000 కిలోమీటర్లకోసారి కుడివైపు కేబుల్ మార్చమని మా సలహా. 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కేబుల్, 4 మిల్లీమీటర్ల గేరు ఔటర్ (కేబుల్ మీది గొట్టం). బ్రేక్ ఔటర్‌ని గేరుకి వేయొద్దు, అది నొక్కుకుపోయి క్లిక్‌లు తప్పుతాయి.

నిజంగా మార్చాల్సి వస్తే, అదే మోడల్ కావాలని పట్టుబట్టొద్దని మనవి. షిఫ్టరూ క్యాసెట్టూ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఒకే లెక్కలో ఉండాలి, డీరేలర్ విషయంలో అంత పట్టింపు లేదు. షిమానో 8, 9, 10 స్పీడ్ రోడ్ డీరేలర్లు దాదాపు అన్నీ కేబుల్ లాగుడుకి ఒకే నిష్పత్తిలో కదులుతాయి. కాబట్టి 10 స్పీడ్ కుడి లివర్ పోయి, జత దొరకనప్పుడు, 9 స్పీడ్ లివర్, 9 స్పీడ్ క్యాసెట్, 9 స్పీడ్ చైన్ వేసుకుని పాత డీరేలర్‌తోనే నడపొచ్చు. ఇక్కడ మూడు మినహాయింపులున్నాయి. డ్యూరా-ఏస్ 7400 వరుస డీరేలర్ నిష్పత్తి వేరు, దానికి ఆ వరుస షిఫ్టరే కావాలి. టియాగ్రా 4700 వరుస 10 స్పీడే అయినా 11 స్పీడ్ వాటిలా కేబుల్ లాగుతుంది. డ్యూరా-ఏస్ 7800 హబ్ (వెనక చక్రం నడిమి భాగం) 10 స్పీడ్ క్యాసెట్‌నే తీసుకుంటుంది. షిమానో కొత్తగా తెచ్చిన క్యూస్ వరుసలో 9, 10 అని అంకె కనిపించినా పాతవాటితో కలవదు.

కొత్త సరుకే కావాలంటే మైక్రోషిఫ్ట్ చేసే 8, 9, 10 స్పీడ్ లివర్లలో షిమానో రోడ్ లాగుడుకి సరిపోయేవి ఉన్నాయి. ముట్టుకుంటే అల్టెగ్రా అంత మృదువుగా ఉండవు, పని మాత్రం చేస్తాయి. దూరాలు తొక్కేవాళ్లకి మేం మనసారా చెప్పేది బార్-ఎండ్ షిఫ్టర్ (హ్యాండిల్ బార్ చివర్లో బిగించేది). లోపల పాడయ్యేది చాలా తక్కువ, ఫ్రిక్షన్ మోడ్ (క్లిక్ లేకుండా లివర్ ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేది) ఉన్నవైతే ఇండెక్స్, అంటే క్లిక్‌లు, పోయినా ఇంటికి చేరుస్తాయి.

మాకు రాసేటప్పుడు లివర్ మీది మోడల్ నంబరు, వెనక ఎన్ని పళ్లచక్రాలు, ముందు రెండా మూడా, పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపిస్తోందో రాయండి. 6500 అంటే ముందు రెండు, 6503 అంటే మూడు. ఈ ఒక్క అంకె దగ్గరే తప్పు ఆర్డర్లు ఎక్కువ. రెండక్షరాల కోడ్ కనిపిస్తే అదీ పంపండి. మొదటిది సంవత్సరం, రెండోది నెల: ఎక్స్‌ఎఫ్ అంటే 1999 జూన్. వెనక గేర్లే ఎక్కువ మార్చుతాం కాబట్టి మొదట పోయేది కుడి లివరే, మా అరల్లో ఎడమవి పేరుకుపోయాయి. జతగా కొనాలన్న షరతు తీసేశాం. ఎడమది ఒక్కటే కావాల్సినవాళ్లు అడగండి, కుడిదాని ధరలో సగానికే ఇస్తాం. 6700 కుడి లివర్లు ప్రస్తుతం పరీక్ష దాటినవి ఒక్కటీ లేవు, వాటికి అడ్వాన్సు తీసుకోవడం లేదు.