118 పేర్లు ఒప్పజెప్పించకండి, కారణం అడగండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిది, పది తరగతుల్లో ఆవర్తన పట్టిక (మూలకాలన్నిటినీ గళ్లలో పేర్చిన పీరియాడిక్ టేబుల్) పాఠం మొదలైందో లేదో, వాట్సాప్ గ్రూపుల్లో "మా వాడికి ఇంకా ముప్పై దాకానే వచ్చాయి, మిగతావి ఎప్పుడు బట్టీ పట్టిస్తారు" అని మెసేజ్‌లు, దాని కిందే చిన్న పాప ఒకతి మొత్తం 118 మూలకాలూ గడగడా చెప్పేస్తున్న వీడియో, ఇక అందరికీ టెన్షన్. అందుకే ఈసారి ఉత్తరమంతా దీని గురించే. మన బడిలో 118 పేర్లు ఎవరూ ఒప్పజెప్పించుకోరు. మొదటి ఇరవై వస్తే చాలు, అవి మాత్రం గట్టిగా రావాలి. పరీక్ష రోజు పట్టిక గోడ మీదే ఉంటుంది, చూసి రాయొచ్చు. మేం అడిగేది ఒక్కటే: ఈ మూలకం ఈ గడిలోనే ఎందుకుంది?

మన హల్లుల పట్టిక గుర్తు చేసుకోండి. అడ్డంగా క-వర్గం, చ-వర్గం, ట-వర్గం అని నోట్లో పలికే చోటును బట్టి వరసలు; నిలువుగా చూస్తే చివర్లో ఙ, ఞ, ణ, న, మ, అన్నీ ముక్కుతో పలికేవే. ఆవర్తన పట్టికదీ ఇదే పద్ధతి. అడ్డంగా ఏడు పీరియడ్లు, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎన్ని కర్పరాల్లో, అంటే పొరల్లో, సర్దుకున్నాయో చెబుతాయి. నిలువుగా 18 గ్రూపులు. ఒక్కో పొరలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో వరసగా రాస్తే, లిథియం 2,1. సోడియం 2,8,1. పొటాషియం 2,8,8,1. మూడింటికీ చివర ఉన్నది ఒక్క ఎలక్ట్రానే కాబట్టి మూడూ మెత్తటి లోహాలే, నీళ్లు తగిలితే ఊరుకోవు, కిందికి పోయేకొద్దీ ఇంకా చెలరేగుతాయి. ఇది అర్థమైన పిల్ల, ఆ కింద ఉన్న రుబీడియం ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ చెప్పకుండానే చెప్పగలదు.

1869లో ఈ పట్టికను పేర్చిన రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ చేసిందీ అదే. అప్పటికి తెలిసినవి 63 మూలకాలు, ఎలక్ట్రాన్ అనేది ఒకటుందనే ఎవరికీ తెలియదు. పరమాణు భారాల వరసలో పేర్చుకుంటూ వచ్చి, గుణాలు కుదరని చోట గడి ఖాళీగా వదిలేశారు, అక్కడికి రావలసిన మూలకం ఎలా ఉంటుందో కూడా రాసిపెట్టారు. 1875లో ఫ్రాన్సులో బోబోద్రాన్ అనే శాస్త్రవేత్త గాలియంను కనుక్కుని దాని సాంద్రత నీటికి 4.7 రెట్లని ప్రకటిస్తే, ఆ లోహాన్ని కంటితో చూడని మెండలీవ్, అల్యూమినియం కింది గడిలోది అంత తేలిగ్గా ఉండదు, ఇంకా శుద్ధి చేసి మళ్లీ చూడమన్నారు. మళ్లీ చూస్తే 5.9 వచ్చింది. బట్టీ పట్టినవాళ్లకు ఈ ధైర్యం రాదు.

భారాల వరసలోనూ ఒక చిక్కుంది. ఆర్గాన్ భారం 39.95, పొటాషియంది 39.10. తేలికది ముందు పెడదామంటే పొటాషియం వెళ్లి ఆర్గాన్ చోట, దేనితోనూ ఒక పట్టాన కలవని జడవాయువుల్లో కూర్చుంటుంది! 1913లో మోస్లే అనే కుర్రాడు ఎక్స్ కిరణాలతో పరిశోధించి, అసలు వరస పరమాణు సంఖ్యదేనని, అంటే కేంద్రకంలో ప్రోటాన్ల లెక్కదేనని తేల్చాడు. ఆర్గాన్ 18, పొటాషియం 19, చిక్కు విడిపోయింది. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో, మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలి దగ్గర చనిపోయాడు. పరీక్షలో రాకపోయినా అతని సంగతి క్లాసులో తప్పకుండా చెప్పమని టీచర్లను అడిగాను.

ఇక మీ సాయం కావాలి. మన ఊళ్లో ఈ పాఠం పుస్తకంలోనే ఉండిపోనక్కర్లేదు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు: 26వ గడిలోని ఇనుముకు పక్క గడిలోని మాంగనీసు ఎందుకు కలుపుతారో ఒక్క అరగంట వచ్చి చెప్పండి. పోర్టులో అల్యూమినా (అల్యూమినియం తీసే తెల్లటి పొడి) ఎగుమతి చూసేవాళ్లూ రండి. తేదీ మీ వీలును బట్టే పెట్టుకుందాం.

పిల్లల్ని భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకూ తీసుకెళ్తున్నాం. ఆ ఎరుపు ఇనుము ఆక్సైడుది. అక్కడి నుంచి మట్టి తేవడం కుదరదు, ముందే చెప్పి పంపండి.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రాజెక్టు పేరుతో సెల్‌ఫోన్ బ్యాటరీ విప్పి లిథియం తీయడం, పాదరసం కోసం థర్మామీటర్ పగలగొట్టడం, ఇవి ఇంట్లో అస్సలు వద్దు. రాగి తీగ, అల్యూమినియం రేకు, పెన్సిల్లోని గ్రాఫైటు, ఇనుప మేకు చాలు. దిబ్బలకు తీసుకెళ్లడానికి డైరీలో పెట్టిన అనుమతి పత్రం మీద సంతకం చేసి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
విశాఖపట్నం