మా ఎల్‌కేజీ పిల్లల తరఫున గుంటూరు బ్రాడీపేట వాళ్ళందరికీ

జూన్ 12న బడి తెరిచారు. ఎల్‌కేజీ తరగతి నాకు అప్పజెప్పారు. ఉద్యోగానికి నేను కొత్త, బడికి పిల్లలు కొత్త. మొత్తం 26 మంది. మొదటిరోజు పదిన్నరకల్లా సగం మంది ఏడుపు. ఒకర్ని ఎత్తుకుంటే ఇంకొకరు గేటు దాకా పరిగెత్తారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, రేపటి నుంచి ఈ పని నాకు చేతకాదేమో అని అమ్మ దగ్గర ఏడ్చాను. ఇవాళ్టికి ఆరు వారాలు. ఇప్పుడు వాళ్ళ చెప్పులు వాళ్ళే విప్పి, తమ బొమ్మ ఉన్న గూట్లో పెట్టుకుని లోపలికొస్తున్నారు. ఇందులో నా కష్టం కొంతే. మిగతాది ఎవరెవరిదో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందుగా మా పక్క లైనులో ఉండే రిటైరైన టీచరమ్మగారికి నమస్కారం. రెండో రోజు సాయంత్రం అడగ్గానే వచ్చి, నేను రాసుకున్న ప్లాను చూశారు. మొదటి వారం అచ్చులు, రెండో వారం ఏబీసీడీలు అని ఉంది అందులో. "ఇది పక్కన పెట్టమ్మా. ఈ నెల పలకా వద్దు, నోటుబుక్కూ వద్దు. పంపు ఎక్కడుందో, బాత్రూం ఎక్కడుందో, దాహమేస్తే ఎవర్నడగాలో ముందు తెలియనీ" అన్నారు. మర్నాడు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలులా బడంతా తిరిగాం.

ఆవిడ నేర్పిన వాటిలో నన్ను కాపాడింది బొమ్మల తాడు. రోజులో ఏం జరుగుతుందో వరసగా బొమ్మలు గీసి తాడుకి క్లిప్పులతో తగిలించాం. సంచీ, ప్రార్థన, ఆట, చేతులు కడుక్కోవడం, టిఫిన్ డబ్బా, కథ, చివర అమ్మ బొమ్మ. ఒక్కో పని అవగానే ఆ బొమ్మ తీసేయాలి. "అమ్మెప్పుడొస్తుంది" అని ఏడ్చే పిల్లకి గడియారం చూపిస్తే ఏం తెలుస్తుంది? ఇంకా రెండు బొమ్మలే ఉన్నాయని చూపిస్తే తెలుస్తుంది. వారం తిరిగేసరికి ఆ బొమ్మలు తీసే పనికోసం పోటీ పడ్డారు.

1840లో జర్మనీలో ఫ్రోబెల్ తన బడికి పిల్లల తోట అన్న అర్థంలో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడనీ, ఆయన పిల్లల చేతికిచ్చిన మొదటి వస్తువులు ఆరు రంగుల ఊలు బంతులనీ కూడా ఆవిడే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. కళ్ళు సరిగా ఆనకపోయినా ఆరు బంతులూ అల్లి తెచ్చారు. బంతి విసిరి పేరు చెప్పే ఆటతో మా వాళ్ళకి ఒకరి పేరొకరికి వచ్చింది.

రెండో వారంలో కొందరు తల్లులు అడిగారు, ఇంకా ఏమీ రాయించట్లేదేంటని. పక్క బడిలో ఒక పుస్తకం నిండిపోయిందట. వాళ్ళ భయం నాకు అర్థమైంది, ఫీజు కట్టేది వాళ్ళు. మా అపార్ట్‌మెంటులో ఉండే పిల్లల డాక్టరుగారు ఒక శనివారం వచ్చి, నేలమీదే కూర్చుని వాళ్ళతో మాట్లాడారు. పుట్టినప్పుడు మణికట్టులో గట్టి ఎముక ఒక్కటీ ఉండదు, అంతా మృదులాస్థే, అక్కడి ఎనిమిది ఎముకలూ ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి అని చెప్పారు. పిండి పిసకడం, కాగితం చించడం, దారం గుచ్చడం, ఇసుక పళ్ళెంలో వేలితో గీతలు గీయడం, ఇవన్నీ పెన్సిలు పట్టడానికి చేతిని తయారు చేసే పనులేనని వివరించారు. ఓపిక పట్టిన ఆ తల్లులకి నా దండాలు. ఆ సోమవారం నుంచి ఇద్దరు ఇంటి నుంచే చపాతీ పిండి కలిపి పంపుతున్నారు.

మా వీధి టైలరు బాబాయి ఖాళీ దారపు రీళ్ళూ, రంగురంగుల గుడ్డముక్కలూ మూట కట్టిచ్చారు. రంగుల వారీగా వేరుచేయడం, పెద్దవీ చిన్నవీ వరసపెట్టడం వాటితోనే. మిర్చి యార్డులో పనిచేసే అన్న కూర్చోడానికి గోనె సంచులిస్తానన్నాడు. ఘాటు పిల్లల కళ్ళకి పడదని తనే ఆలోచించుకుని, బియ్యం సంచులు ఉతికించి తెచ్చాడు. ఒక బామ్మగారు తన పెళ్ళినాటి కొండపల్లి బొమ్మలు ఇచ్చేశారు. వాటిని చేసే తెల్లపొణికి కర్ర తేలికగా ఉంటుంది, నాలుగేళ్ళ చేతులకి బరువుండదు. అంబారీ ఏనుగుని పట్టుకుని పిల్లలు రోజుకో కథ చెబుతున్నారు.

మా ఆయమ్మ గురించి ఎంత చెప్పినా తక్కువే. చింతపిక్కలు లెక్కపెట్టించేటప్పుడు ఒకేసారి నలుగురికి మించి కూర్చోనివ్వదు. ముక్కులో, నోట్లో పెట్టుకుంటారని రెప్ప వేయకుండా చూస్తుంది. ఆట అయ్యాక పిక్కలు తనే లెక్కపెట్టి డబ్బాలో వేస్తుంది.

ఒక బాబు మూడు వారాలు నోరు తెరవలేదు. టైలరు బాబాయి ఇచ్చిన ఎర్ర గుడ్డముక్క గుప్పిట్లో పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడేవాడు. మేమూ బలవంతపెట్టలేదు. మా బ్రాడీపేటలో అడ్రసంటే అంకెలేగా, ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని. నాలుగో వారంలో పిల్లల్ని అంకెలు చూపించడానికి నడిపించుకెళ్ళాం. ఎండ ఎక్కకముందే, నలుగురు తల్లుల్ని తోడు తీసుకుని. ఒక గోడమీద 4 కనబడగానే ఆ బాబు నా చెయ్యి లాగి, "మిస్, ఇది మా లైను" అన్నాడు. ఆ గోడకి ఎదురిల్లే టైలరు బాబాయి కొట్టు. మిషను ఆపి బయటికొచ్చి వాణ్ణి ఎత్తుకున్నారు.

రీళ్ళూ గుడ్డముక్కలూ ఇప్పటికి సరిపడా ఉన్నాయి. పాత దుప్పట్లుంటే మాత్రం ఉతికి పంపండి, మధ్యాహ్నం నిద్రపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. శనివారాలు పదింటి నుంచి తరగతి తలుపు తెరిచే ఉంటుంది. వచ్చి చూడండి, మీరిచ్చిన వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్ళే చూపిస్తారు.