వార్షిక నివేదిక 2025-26: అరుగు మీద కబుర్లు, మిగతా పనులు

సభ్యులందరికీ నమస్కారం అండి. ప్రతి ఏడూ ఈ నివేదికలో ముగ్గుల పోటీ, కళ్ల పరీక్షల క్యాంపు, గట్టు మీద మొక్కలు అని వరసగా రాసుకుంటూ పోతాం, ఈసారీ అవన్నీ జరిగాయి, ఫోటోలు గ్రూపులో పెట్టేశాం కాబట్టి మళ్లీ రాయట్లేదు. జమాఖర్చుల కాగితం లైబ్రరీ నోటీసు బోర్డుకి అంటించాం, డౌటుంటే కోశాధికారి గారిని అడగండి, నన్నడక్కండి. నేను రాయాలనుకున్నది లైబ్రరీ అరుగు మీద సాయంత్రాలు నడిచిన కబుర్ల గురించి. అజెండా లేదు, మినిట్స్ లేవు, అయినా ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని అక్కడే జరిగిందని నా అభిప్రాయం, కొంతమంది పెద్దలు ఒప్పుకోరని తెలుసు.

మొదలైంది కంప్యూటర్ల దగ్గరండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, లైబ్రరీలో ఉన్న రెండు సిస్టమ్‌లూ బాగా పాతవి, కొత్తవి కొందామంటే ఫండు లేదు, అమ్మేద్దామంటే పాత సామాన్ల అబ్బాయి చూసి నవ్వి వెళ్లిపోయాడు. అప్పుడు భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మనూరి కుర్రాడు పెన్ డ్రైవ్‌లో లినక్స్ మింట్ అని విండోస్ బదులు వాడుకునే సిస్టమ్ పట్టుకొచ్చి ఇది ఎక్కిస్తానన్నాడు. ఎంతవుద్దిరా అంటే ఏమీ అవదన్నాడు. ఏమీ అవదంటే మనోళ్లకి వెంటనే అనుమానం వచ్చేస్తది కదా, "ఊరికే ఎవడిస్తాడు, ఇస్తే వాడికేటి మిగులుద్ది" అని రిటైరైన లెక్కల మాస్టారు పట్టుకున్నారు, ఇక ఆ ప్రశ్న ఏడాదంతా వదల్లేదు.

కుర్రాడు చెప్పింది ఏంటంటే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అందరూ స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తానని గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు, ప్రోగ్రాం వాడేవాడికి దాన్ని ఎలాగైనా వాడుకునే హక్కు, లోపల ఎలా రాశారో చూసి మార్చుకునే హక్కు, ఇంకోళ్లకి కాపీ ఇచ్చే హక్కు, మార్చినదాన్ని కూడా పంచే హక్కు ఉండాలని ఆయన వాదన, తర్వాత 1991లో ఫిన్లాండ్‌లో స్టూడెంట్‌గా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దానికి తోడైంది, ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా అదే, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి అని. మాస్టారు అంతా విని "ఆదర్శం బానే ఉంది గానీ లెక్క కుదర్లేదు" అన్నారు.

అప్పటిదాకా ఓ చివర కూచుని పేపర్ చూసుకుంటున్న కౌలు రైతు ఒకాయన తల ఎత్తకుండానే "ఇందులో వింతేటండీ, మార్టేరు స్వర్ణ వరి ఇలాంటిదే కదా" అన్నారు. అందరూ ఆగిపోయారు. నిజమేనండి. దాని నంబరు పేరు ఎంటీయూ 7029, వశిష్ట, మసూరి అనే రెండు వరి రకాల్ని కలిపి మార్టేరు రీసెర్చ్ స్టేషన్‌లో తయారుచేసి 1982లో వదిలిన రకం. ఓసారి విత్తనం చేతికొచ్చాక పండినదాంట్లోంచే తీసి ఎండబెట్టి వచ్చే సార్వాకి దాచుకోవచ్చు, తోడల్లుడికో బస్తా ఇవ్వొచ్చు, అడిగేవాడు లేడు, అలా చేతులు మారుతూ ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. 2001లో వచ్చిన మొక్కల రకాల చట్టంలో కూడా రైతు విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు రాసి ఉంది. హైబ్రిడ్ అయితే అలా కాదు, దాచి చల్లితే పంట సమానంగా రాదు, ప్రతి ఏడూ షాపుకెళ్లాల్సిందే.

మార్చుకునే హక్కు సంగతేంటి అని మాస్టారు వదల్లేదు. దానికీ జవాబు ఉంది. స్వర్ణ మునిగితే కుళ్లిపోద్ది, ఒడిశా పాత రకం ఒకదాంట్లో మునకని తట్టుకునే జన్యువు దొరికితే దాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు స్వర్ణలోకి ఎక్కించారు, 2009లో స్వర్ణ సబ్-1 అని మన దేశంలో విడుదలైంది, రెండు వారాల దాకా నీళ్లలో ఉన్నా మళ్లీ లేస్తది. మన చేలో పుట్టినదాన్ని ఎక్కడివాళ్లో తీసుకుని బాగుచేసి మళ్లీ మనకే ఇచ్చారన్నమాట. కుర్రాడైతే "ఇది పక్కా ఫోర్క్ అండి" అని గంతేశాడు. ఫోర్క్ అంటే ఒకరు రాసిన ప్రోగ్రాం తీసుకుని ఇంకొకరు తమ దారిలో మార్చుకోవడం, అది చెప్పడానికి ఇంకో గంట పట్టింది.

ఇక్కడో మాట. కంప్యూటర్లు రెండూ బాగుపడ్డాయి గానీ సంఘం పాత తీర్మానాల ఫైళ్లు ఎవరో ఎప్పుడో యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్‌లో కొట్టారు, ఇప్పుడు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఆ ఫాంట్ లైసెన్స్ ఎవరి దగ్గర ఉందో కూడా తెలీదు. మన తీర్మానాలు మనం చదవాలంటే ఇంకోడి ఫాంట్ కావాలా అని అప్పుడు అందరికీ మండింది. డిగ్రీ చదివే అమ్మాయిలు ముగ్గురు కాగితం కాపీలు ముందు పెట్టుకుని అన్నీ మళ్లీ టైపు చేస్తున్నారు, మండలి, సూరన్న లాంటి స్వేచ్ఛా ఫాంట్లే వాడుతున్నారు, ఈ నివేదిక కూడా మండలిలోనే ప్రింట్ తీశాం. వాళ్లకి సంఘం తరఫున టీ, పునుగులు తప్ప ఏమీ ఇవ్వలేదు, అది సిగ్గుపడాల్సిన విషయమే.

దాంతో మాస్టారి లెక్క మళ్లీ లేచింది. అందరూ వాడుకుంటారు సరే, చేసినోడికేటి? 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది, ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లకి తాళంకప్పలా పనిచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఉచిత ప్రోగ్రాంలో, అప్పుడు చూస్తే దానికి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దాకానే అని తేలింది. దాని మీద నడిచే కంపెనీలేమో కోట్లకి కోట్లు. కౌలు రైతు గారు "స్వర్ణ నాకూ ఊరికే వచ్చింది, ఆసామికీ ఊరికే వచ్చింది, కానీ పండాక ముందు కొలిచేది ఆయన బస్తాలే, గాలివాన వచ్చినా కొలవాల్సిందే, మిగిలితే నావి" అన్నారు. దీని మీద ఎవరూ ఫోర్కు గీర్కు అనలేదు.

ఆ వారంలోనే చింతపిక్కల ఆట పెట్టాం. వరల్డ్ ఇన్‌ఈక్వాలిటీ ల్యాబ్ వాళ్లు 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022-23లో మన దేశ సంపదలో 40 శాతం పైన ఒక్క శాతం మంది చేతిలో ఉంది, కింద సగం మందికీ కలిపి 6 శాతం పైచిలుకు. అరుగు మీద వంద పిక్కలు పోశాం, వంద మందిలో ఒక్కడనుకుని ఒక పిల్లాడికి 40 ఇచ్చాం, తొమ్మిది మంది అనుకుని ఇంకోడికి 25, నలభై మంది అనుకుని ఒకమ్మాయికి 29, మిగిలిన ఆరు పిక్కలు యాభై మందికి అని మాస్టారి మనవడి చేతిలో పెట్టాం. నలభై వచ్చినోడికి గుప్పెట్లో పట్టక జేబులో పోసుకున్నాడు, జేబుకి చిల్లు, రెండు కిందపడితే మనవడు ఏరుకోబోయాడు, "అవి నావే" అని లాక్కున్నాడు. ఎవరూ నేర్పలేదండి.

తర్వాత వాదన బాగానే ముదిరింది. చెరువులున్న ఒకాయన కష్టపడి సంపాదించుకున్నదాని మీద మీ ఏడుపేంటి అన్నారు, మాస్టారు వారసత్వం మీద ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి 1985 దాకా ఉండేదని, సంపద పన్ను 2015 బడ్జెట్లో తీసేశారని చెప్పారు, చెరువులాయన ఆ పన్నులు వసూలైంది ఎంత, ఖర్చైంది ఎంత అని అడిగారు, అది కూడా న్యాయమైన ప్రశ్నే. 2011 సార్వాకి కోనసీమలో క్రాప్ హాలిడే అని చేలు ఖాళీగా వదిలేసినప్పుడు ఆసామికి ఆదాయం పోయింది, కూలికి తిండే పోయింది అని ఒకామె అంటే మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేదు.

అన్నీ ఇంత బరువు కబుర్లే కాదులెండి. అనంతపురంలో కుండ నీళ్లు అంత చల్లగా ఉంటాయి, మనకెందుకు ఉండవు అంటే మన గాలిలో తడి ఎక్కువ, కుండ చెమ్మ ఆరదు, ఆరితేనే చల్లబడుద్ది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు, అది నది లోతనుకునేవాళ్లు సగం మంది ఉన్నారు, కాదు, బ్యారేజీ దగ్గర గేజి మీద మట్టం. పది లక్షల క్యూసెక్కులంటే ఎంత అని ఆరో తరగతి పిల్ల అడిగితే లెక్కేశాం, క్యూసెక్కంటే సెకన్‌కి 28.3 లీటర్ల నీళ్లు, అంటే లక్ష లీటర్ల ట్యాంకులు 283 ఒక్క సెకన్లో వెళ్లిపోయినట్టు. ఆ పిల్ల దాన్ని గోడ మీద బొగ్గుతో రాసింది, చెరపొద్దని తీర్మానం. పులస గురించి నాలుగు సాయంత్రాలు వాగినా ఎవరూ తెచ్చి వండింది లేదు.

ఇక అసలు విషయం. పిక్కల ఆట తర్వాత వచ్చిన ప్రతిపాదన ఏంటంటే మన సంఘం చందా చెరువులున్నాయనకీ కౌలు చేసేవారికీ ఒకటే ఎందుకుండాలి, మూడు రేట్లు పెడదాం, ఏ రేటులో ఉంటారో ఎవరికి వారే చెప్పుకోవాలి, పాసు పుస్తకాలు అడగం. కమిటీలో తేలలేదు. తక్కువ రేటు కట్టేవాళ్లకి చిన్నతనంగా ఉంటుందని కొందరు, రేటు ఎవరిదెంతో కోశాధికారికి తప్ప తెలియక్కర్లేదని కొందరు. టైపు చేస్తున్న అమ్మాయిలకి ఏదైనా ఇవ్వాలన్నది కూడా ఇదే చందా మీద ఆధారపడి ఉంది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం సాయంత్రం లైబ్రరీలో సర్వసభ్య సమావేశం, అక్కడే చేతులెత్తి తేల్చుకుందాం. పాత చందా బాకీ ఉన్నవాళ్లు ఆ రోజు వచ్చి కట్టేయొచ్చు, కట్టినవాళ్లకే ఓటు, ఇది కొత్త రూలు కాదు, బైలాలో ముందు నుంచీ ఉన్నదే.

ఇట్లు, కార్యదర్శి